హారంలో లేని పిల్లలు

పోయిన వారం పేపర్ జిల్లా పేజీలో ఒక మూలన చిన్న వార్త చూశాను. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో పిల్లల టీకాలు నూరు శాతం దాటాయని, సిబ్బందిని అధికారులు మెచ్చుకున్నారని రాశారు. పక్కన శాలువాలు కప్పుతున్న ఫొటో. నేను హనుమకొండలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను. శాతం నూరు దాటిందంటే ముందు హారం, అంటే భిన్నంలో కింద రాసే అంకె, ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలనిపిస్తుంది. ఉన్న పిల్లల కంటే ఎక్కువమందికి టీకా వేయడం ఎవరి వల్లా కాదు కదా.

ఆ నర్సమ్మలు, ఆశాలు వేసిన టీకాల మీద నాకు అనుమానం లేదు. బుధవారం, శనివారం ఎండనకా వాననకా టీకాల డబ్బా పట్టుకుని వాడల్లో తిరిగేవాళ్ళను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. వాళ్ళలో మా చిన్నమ్మ ఒకరు. నా బాధంతా కింద రాసే అంకె గురించి. ఆ ఊళ్ళో టీకా వయసు పిల్లలు అసలు ఎంతమంది? ఈ ప్రశ్నకు మన దగ్గర నిలకడైన జవాబు లేదు. జవాబు లేకుండానే శాతాలు కడుతున్నాం, ఆ శాతాలను బట్టి ఒకరికి శాలువా కప్పి ఇంకొకరికి మెమో ఇస్తున్నాం. పైనుంచి వచ్చే అంచనాను సరిచూసుకోవడానికి మాత్రమే ఉంచుకోవాలని, హారం ఊరి నుంచి, పిల్లల పేర్లతో రావాలని నా అభిప్రాయం. ఎందుకంటున్నానో, ఎక్కడ నాకే సందేహాలున్నాయో రాస్తాను.

పైనుంచి వచ్చే అంకె

మా చిన్నమ్మ ములుగు వైపు ఒక సబ్ సెంటర్‌లో, అంటే కొన్ని ఊళ్ళకు కలిపి ఉండే చిన్న ఆరోగ్య కేంద్రంలో, ఏఎన్ఎంగా (టీకాలు వేసే నర్సుగా) చేస్తుంది. ఆ వార్త చదివిన సాయంత్రం ఆమెకు ఫోన్ చేసి, మీ సబ్ సెంటర్‌లో ఏడాదికి ఎంతమంది పుడతారో మీకెట్లా తెలుస్తుందని అడిగాను.

"మాకు ఈఎల్ఏ వస్తది బిడ్డా. నీ సబ్ సెంటర్‌ల ఇంతమంది గర్భిణులు, ఇంతమంది పసిపిల్లలు అని వాళ్ళే రాసి పంపుతరు. పుట్టినోళ్ళ పేర్లు నా రిజిస్టర్ల ఉంటయి. ఆ లెక్క, ఈ లెక్క ఏ సాలు కలవదు."

ఈఎల్ఏ అంటే ఏడాదికి ఇంత అందుకోవాలని పైనుంచి ఇచ్చే అంచనా టార్గెట్. దాని వెనుక ఉన్న సూత్రం సులువైనదే. జనాభాను జననాల రేటుతో హెచ్చవేస్తే ఏడాదిలో పుట్టేవాళ్ళు వస్తారు. అందులోంచి ఏడాది నిండకుండా చనిపోయేవాళ్ళను తీసేస్తే టీకాల టార్గెట్. శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ అనే కేంద్రం వారి జనన మరణాల నమూనా సర్వే 2020 లెక్కల్లో తెలంగాణకు వెయ్యి జనాభాకు 16.4 జననాలు, వెయ్యి జననాలకు 21 శిశు మరణాలు ఉన్నాయి. ఐదు వేల జనాభా ఉన్న సబ్ సెంటర్ అనుకుంటే 82 మంది పుడతారు, ఏడాది దాటేవాళ్ళు 80 మంది.

సూత్రంలో తప్పు లేదు. అందులో వేసే అంకెలు పాతబడ్డాయి. జనాభా 2011 లెక్కల నుంచి పెంచుకుంటూ వచ్చినది. ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాలోంచి కొత్త జిల్లాలు పుట్టాయి, 2019లో ములుగు విడిపోయింది, 2021లో అర్బన్, రూరల్ పేర్లు పోయి హనుమకొండ, వరంగల్ అయ్యాయి. గీతలు ఎన్నిసార్లు మార్చినా కొత్త జిల్లాకు పంచడానికి చేతిలో ఉన్నది 2011 నాటి ఊళ్ళ లెక్కలే. కేంద్రం వేసిన సాంకేతిక బృందం 2036 దాకా జనాభా అంచనాలు ఇచ్చింది గానీ అవి రాష్ట్రాలకు ఇచ్చినవి. వాటిని తాడ్వాయి మండలానికో, అందులో ఒక సబ్ సెంటర్‌కో దించాలంటే మళ్ళీ 2011 వాటాలే దిక్కు. ఇక జననాల రేటు రాష్ట్ర సగటు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లను, గోదావరి ఒడ్డు గూడేలను కలిపి తీసిన సగటు అది.

ఇప్పుడు రెండు సబ్ సెంటర్లు ఊహించుకోండి. రెండింటికీ టార్గెట్ 80. మొదటిది వరంగల్ అంచున, కొత్త కాలనీలు లేచి, పని కోసం వచ్చిన కుటుంబాలు అద్దె గదుల్లో ఉంటున్న చోటు. అక్కడ నిజంగా 92 మంది పసిపిల్లలున్నారు, 76 మందికి టీకాలు పూర్తయ్యాయి. కాగితం మీద 95 శాతం. అసలు లెక్క 83 శాతం. రెండోది లోపలి ఊరు. జనం హైదరాబాద్‌కో, భివండికో పోయి చాలా ఇళ్ళకు తాళాలున్నాయి. అక్కడున్నది 60 మంది పిల్లలే, 59 మందికి టీకాలు పడ్డాయి. కాగితం మీద 74 శాతం. మొదటి ఏఎన్ఎంకు మెప్పు, రెండో ఏఎన్ఎంకు మందలింపు. టీకా లేని పదహారు మంది పిల్లలున్నది మాత్రం మొదటి చోట.

ఈ రెండో ఏఎన్ఎం స్థానంలో చిన్నమ్మ ఒకసారి రివ్యూ మీటింగులో నిలబడింది. "ఊళ్ళె పిల్లలే లేరు సార్ అంటే, మరి జనాభా గింత ఎట్లున్నది అంటడు. నేనేమన్న పిల్లల్ని ఇంట్ల దాచిపెట్టుకున్ననా?" అంది. ఆ మీటింగు తర్వాత ఆమె తోటి ఏఎన్ఎం ఒకామె, పక్క ఊరి పిల్లలను తన రిజిస్టర్‌లో కూడా రాసుకోవడం మొదలుపెట్టిందట. ఆమెను నేను తప్పుపట్టలేను. అందని టార్గెట్ పెట్టి రోజూ అడుగుతుంటే, అడిగిన అంకెను ఎవరైనా ఏదో విధంగా అందిస్తారు. అప్పటిదాకా హారం ఒక్కటే తప్పుగా ఉండేది, ఇక లవం, అంటే పైన రాసే టీకాల లెక్క, కూడా నమ్మడానికి లేకుండా పోతుంది.

ఇదంతా కాగితాల గొడవే అనుకునేవాళ్ళు తట్టు సంగతి ఆలోచించాలి. తట్టు వ్యాపించకుండా ఆగాలంటే పిల్లల్లో 95 శాతానికి రెండు డోసులూ పడాలి. 95 ఉందనుకున్న చోట 83 ఉంటే, ఆ సంగతి మనకు తెలిసేది పిల్లలు జ్వరంతో, ఒంటి మీద దద్దుర్లతో ఆస్పత్రికి వచ్చాకే. ప్రత్యేక టీకా రౌండు ఏ ఊళ్ళో పెట్టాలి, ఎన్ని వయల్స్ పంపాలి, ఖాళీగా ఉన్న ఏఎన్ఎం పోస్టు ఎక్కడ ముందు నింపాలి అన్న నిర్ణయాల్లోనూ ఈ శాతాలనే చూస్తారు.

పుట్టింది ఒకచోట, పెరిగేది ఇంకోచోట

ఈ మాట మా స్టాఫ్‌రూమ్‌లో అంటే ఒక మిత్రుడు వెంటనే అడిగాడు. "జనన రిజిస్టర్ ఉంది కదా, అందులోంచి తీసుకుంటే పోలా?" మంచి ప్రశ్నే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్ళకు బడికైనా, ఆధార్‌కైనా జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి నమోదు ఇంకా పెరుగుతుంది. రాష్ట్రం మొత్తానికి ఎంతమంది పుట్టారో చెప్పడానికి ఇంతకంటే మంచి ఆధారం ఉండదు. పాత జనాభాను పాత రేటుతో హెచ్చవేయడం కంటే అది ఎంతో మెరుగు.

అయితే చట్టం ప్రకారం జననం నమోదయ్యేది బిడ్డ పుట్టిన చోట. మన దగ్గర బిడ్డ పుట్టే చోటుకూ పెరిగే చోటుకూ సంబంధం తక్కువ. నాకు తెలిసిన ఒక అమ్మాయిది పరకాల దగ్గరి ఊరు. అత్తగారిల్లు నర్సంపేట వైపు. భర్తకు కూకట్‌పల్లిలో ఉద్యోగం. తొలి కాన్పు కాబట్టి పుట్టింటికి వచ్చింది, కాన్పు హనుమకొండలో అయింది. బీసీజీ, పోలియో మొదటి చుక్కలు ఆ ఆస్పత్రిలో పడ్డాయి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటా టీకాలు అమ్మగారి ఊళ్ళో వేశారు. తొమ్మిదో నెల తట్టు టీకా నాటికి కూకట్‌పల్లి చేరింది. రేషన్ కార్డు నర్సంపేట ఊళ్ళో ఉంది. ఈ బిడ్డ మూడు నాలుగు చోట్ల లవంలో ఉన్నాడు, హారంలో లెక్కకు వచ్చేది మాత్రం తల్లి ఎన్నడూ నెల రోజులు కూడా ఉండని ఊళ్ళో. పెద్దాసుపత్రులున్న చోట బీసీజీ శాతం నూరు దాటడానికి, లోపలి మండలాల్లో అదే శాతం చిక్కిపోవడానికి ఇలాంటి కాన్పులు పెద్ద కారణం.

ప్రైవేటు సంగతి వేరు. మా తమ్ముడి పిల్లలకు టీకాలన్నీ పిల్లల డాక్టర్ దగ్గరే వేయించారు. రంగుల పుస్తకంలో తారీకులన్నీ ఉన్నాయి, ఆ పుస్తకం బీరువాలో ఉంది. వాళ్ళ కాలనీ ఏఎన్ఎం రిజిస్టర్‌లో ఆ పిల్లలు టీకా పడనివాళ్ళ కిందే ఉంటారు, లేదా అసలు ఉండరు. టౌనులో ఇలాంటి ఇళ్ళు కొన్ని వేలు.

నివాసం ఏ ఊరో అడిగి రాయడం కూడా అనుకున్నంత తేలిక కాదు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగిన రోజు గుర్తుందా? బొంబాయి నుంచి, సూరత్ నుంచి, హైదరాబాద్ నుంచి జనం ఒక్కరోజు కోసం బస్సులెక్కి సొంతూరికి వచ్చారు. పథకాల్లో పేరు పోతుందేమోనని భయం. వాళ్ళ భయం న్యాయమైనదే. కానీ ఆ రోజు ఊళ్ళో రాసుకున్న పసిపిల్లలు మర్నాడు అక్కడ లేరు. హక్కు ఎక్కడ ఉందో ఆ సర్వే చెప్పింది, బిడ్డ ఎక్కడ ఉందో చెప్పలేదు. టీకాకు కావలసింది ఆ రెండోది. అందుకే పిల్లల జాబితాకు రేషన్ కార్డుతో, ఓటుతో, ఏ పథకంతోనూ ముడిపెట్టకూడదు. "ఈ మూడు నెలలు బిడ్డ ఎక్కడ ఉంటుందమ్మా?" అని అడిగితే తల్లి సరిగ్గా చెబుతుంది. యూ-విన్ అనే కేంద్రం వారి ఆన్‌లైన్ టీకాల రిజిస్టర్‌లో బిడ్డ పేరు మీద రికార్డు ఉంటుంది కాబట్టి, పరకాలలో వేసింది కూకట్‌పల్లిలో కనిపించే వీలు ఇప్పుడు వచ్చింది. బిడ్డ ఊరు మారినప్పుడు హారం కూడా బిడ్డతోపాటు మారాలి. ఈ చివరి ముక్క ఎవరూ పట్టించుకోవడం లేదు.

జాబితా మీద నాకున్న అనుమానం

నా వాదనకు గట్టి ఎదురువాదన ఒకటుంది. దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. ఏఎన్ఎం జాబితానే హారంగా పెట్టామనుకోండి. ఆమెకు తెలియని బిడ్డ జాబితాలో ఉండదు, ఆమెకు తెలియదు కాబట్టి టీకా కూడా పడదు. ఆ బిడ్డ లవంలోనూ లేదు, హారంలోనూ లేదు. శాతం నూరు. పాత పద్ధతిలో కనీసం ఎక్కడో తేడా కనిపించేది. ఇందులో అదీ కనిపించదు. అందరికంటే ముందు చేరుకోవలసిన పిల్లలే, అంటే ఒక్క డోసూ పడనివాళ్ళే, ఇలా మాయమవుతారు.

పెంటా మొదటి డోసు వేసుకుని మూడోది వేసుకోనివాళ్ళ శాతం చూస్తే హారం గొడవ ఉండదని కొందరంటారు. నిజమే, రెండు అంకెలూ రిజిస్టర్‌లోనివే కాబట్టి జనాభా అక్కర్లేదు. మధ్యలో మానేసేవాళ్ళను పట్టుకోవడానికి అది మంచి కొలత. మొదటి డోసుకే రానివాళ్ళ గురించి అది ఏమీ చెప్పదు. ఇక ఇంటింటి సర్వేలు. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 12 నుంచి 23 నెలల పిల్లల్లో 79.1 శాతానికి పూర్తి టీకాలు పడ్డాయని తేలింది, దేశానికి 76.4. శాలువాల ఫొటోల్లో ఉండే శాతాలకూ వీటికీ ఎంత దూరమో చూడండి. కాకపోతే తెలంగాణలో ఆ సర్వే జరిగింది 2019లో. 2017 నాటి జిల్లాల ప్రకారం చేశారు కాబట్టి ములుగుకు అందులో విడిగా లెక్కే లేదు. మండలం, సబ్ సెంటర్ స్థాయి ఏ సర్వేకూ అందదు.

దీనికి దారి మన దేశంలోనే డెబ్బై ఏళ్ళకు పైగా కిందటే దొరికింది. సి. చంద్రశేఖరన్ అనే మన జనాభా శాస్త్రవేత్త, అమెరికా స్టాటిస్టిక్స్ నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్‌తో కలిసి 1949లో ఒక పద్ధతి రాశారు. కలకత్తా దగ్గర సింగూరు ప్రాంతంలో జనన మరణాల రిజిస్టర్ జాబితాను, విడిగా చేసిన ఇంటింటి సర్వే జాబితాతో పేరుపేరునా పోల్చి, రెండింటిలోనూ తప్పిపోయినవాళ్ళు ఎంతమందో అంచనా కట్టారు. క్లాసులో ఇది చెబుతున్నప్పుడు నాకు ప్రతిసారీ సంతోషంగా ఉంటుంది. సబ్ సెంటర్‌కు దించి చూద్దాం. ఆశా జాబితాలో 80 మంది పిల్లలు. ఆ జాబితా చూడకుండా ఇంకొకరు రాసిన దాంట్లో 72 మంది. రెండింటిలోనూ ఉన్నవాళ్ళు 64. అంటే రెండో జాబితాలోని 72 మందిలో 64 మందిని ఆశా పట్టుకుంది, తొమ్మిదింట ఎనిమిది వంతులు. ఆమె 80 మంది కూడా మొత్తంలో తొమ్మిదింట ఎనిమిది వంతులే అనుకుంటే మొత్తం 90. రెండు జాబితాలు కలిపితే 88 పేర్లు వస్తాయి. ఇంకా ఇద్దరు పిల్లలు ఎవరికీ కనబడకుండా ఎక్కడో ఉన్నారు. ఆ ఇద్దరి సంగతి ఒక్క జాబితాతో ఎన్నటికీ తెలియదు. శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ ఈనాటికీ ఇద్దరు వేర్వేరుగా రాసినవి పోల్చి చూసే నడుస్తోంది.

దీనికి ఒక షరతుంది. ఒక జాబితా చూసి రెండోది రాయకూడదు. మన ఊళ్ళలో ఆశా, అంగన్‌వాడీ టీచర్ ఒకే అరుగు మీద కూర్చుని రాసుకుంటారు, ఒకరి దాంట్లోంచి ఒకరు ఎక్కించుకుంటారు. పని భారం వల్ల అలా చేస్తారు, దురుద్దేశం లేదు. కానీ అలా రాసిన రెండు జాబితాలు ఒక జాబితా కిందే లెక్క.

ఏ జాబితాలోనూ లేని గూడెం

షరతు నెరవేరినా ఆగిపోయే చోటు ఒకటుంది. ములుగు, భూపాలపల్లి అడవుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గొత్తికోయల గూడేలున్నాయి. కొన్నింటికి బాట లేదు, వాగు దాటి నడవాలి. పెద్దపల్లి చుట్టూ ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు చలికాలంలో వచ్చి వానలకు ముందు పోతాయి. మిర్చి ఏరే రోజుల్లో ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర కూలీలు చేల పక్కన గుడిసెలు వేసుకుంటారు. ఇలాంటి చోట్లను ఆశా చూడకపోతే రెండోవాళ్ళు కూడా చూడరు. అప్పుడు రెండు జాబితాలూ చక్కగా కలుస్తాయి, చంద్రశేఖరన్ పద్ధతి అంతా బాగుందని చెబుతుంది. నాకు ఎక్కువ టెన్షన్ ఇక్కడే.

ఒకసారి పెద్దపల్లి వైపు బంధువుల ఊరికి పోయినప్పుడు పక్కనే ఉన్న బట్టీలో ఒక తల్లి నాకు ఒక కార్డు చూపించింది. ఒడియాలో ఉంది. బిడ్డకు రెండు పెంటాలు పడ్డాయని తారీకుల వరుసను బట్టి పోల్చుకున్నాను. అక్కడి ఆశాకు ఆ లిపి రాదు. మళ్ళీ మొదటి నుంచి వేయాలా, మూడోది వేయాలా అని ఆమె తికమకపడింది. ఆ బిడ్డ ఒడిశాలో టీకా మధ్యలో మానేసినవాళ్ళ లెక్కలో ఉండి ఉంటాడు. తెలంగాణలో ఏ లెక్కలోనూ లేడు.

కాబట్టి మనుషుల జాబితా కంటే ముందు చోట్ల జాబితా కావాలి. ఉత్తర నైజీరియాలో పోలియో పనివాళ్ళు చేత్తో గీసుకున్న పటాల్లో లేని ఊళ్ళను ఉపగ్రహ చిత్రాలు చూసి కనిపెట్టారు. ఆఫ్రికా 2020 ఆగస్టులో సహజంగా వ్యాపించే (వైల్డ్) పోలియో నుంచి బయటపడడంలో ఆ పనికీ వాటా ఉంది. మన దేశంలో పోలియో చివరి కేసు 2011 జనవరి 13న వచ్చింది. అక్కడిదాకా చేరడానికి ఇటుక బట్టీలు, సంచార గుడారాలు, కట్టడాల దగ్గరి కూలీల చోట్లు అన్నీ విడిగా జాబితా రాసుకుని మరీ చుక్కలు వేశారు. ఆ పని తెలిసిన సూపర్‌వైజర్లు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. ఉపగ్రహ చిత్రం గుడిసె కప్పును చూపిస్తుంది, లోపల ఎంతమంది పిల్లలున్నారో చూపించదు. ఎక్కడికి నడిచిపోవాలో తెలిస్తే అదే చాలు.

జనాభా లెక్కలు వస్తే తీరుతుందా

కొంత తీరుతుంది. 2027 మార్చి 1ని ఆధారంగా పెట్టుకున్న జనాభా లెక్కలు ఊరి స్థాయిలో తాజా అంకె ఇస్తాయి, 2011 వాటాల బాధ పోతుంది. కానీ ఇంటింటికీ వచ్చి మనుషులను రాసుకునేది ఫిబ్రవరిలో. ఫిబ్రవరి అంటే బట్టీలు నిండుగా మండే కాలం, మిర్చి ఏరే కాలం. అప్పుడు లెక్కలో ఉన్న కుటుంబాలు జూలైలో అక్కడ ఉండవు. పైగా రెండేళ్ళు గడిచేసరికి ఆ పసిపిల్లలు టీకా వయసు దాటిపోతారు, కొత్తవాళ్ళకు మళ్ళీ అంచనాలే.

దేశం స్థాయిలోనూ ఇదే చిక్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ అంచనాల్లో ఒక్క డోసూ పడని పిల్లలు భారత్‌లో 2023లో 16 లక్షలు, 2024లో 9 లక్షలు. తగ్గడం సంతోషమే, అందులో నిజమైన శ్రమ ఉంది. ఏటా మన దేశంలో పుట్టేవాళ్ళు సుమారు 2.3 కోట్లని ఐక్యరాజ్యసమితి అంచనా. అందులో ఒక్క శాతం అటూ ఇటూ అయితే 2.3 లక్షల మంది. ఆ తొమ్మిది లక్షల్లో పావు వంతు అది.

చిన్నమ్మకు ఈ రెండు జాబితాల సంగతంతా చెబితే ఆమె అడిగింది ఒక్కటే. "లిస్టుల పిల్లలు పెరిగితే నా శాతం పడిపోతది గదా బిడ్డా. అప్పుడు నన్నేమంటరు?" దానికి నా దగ్గర ఒకే జవాబు ఉంది. కొత్త హారం వచ్చిన మొదటి ఏడాది పడిపోయిన శాతానికి ఎవరినీ అడగమని జిల్లా నుంచి రాతపూర్వకంగా ఉత్తర్వు రావాలి. అంతేకాదు, కొత్త పేరు తెచ్చిన ఆశాకు, టీకా వేయించినందుకు ఇచ్చినట్టే, ఆ పేరుకు కూడా కొంత డబ్బు ఇవ్వాలి. రెండో జాబితా పని ఆశాల నెత్తిన వేయకూడదు. డిగ్రీ కాలేజీల ఎన్ఎస్ఎస్ పిల్లలు శీతాకాలం క్యాంపులకు ఎలాగూ ఊళ్ళకు పోతారు, మా పిల్లలకు నేర్పడానికి నేను సిద్ధం. మొదట రెండు చోట్ల చేసి చూస్తే బాగుంటుంది. వరంగల్ అంచున అద్దె గదులున్న సబ్ సెంటర్ ఒకటి, గూడేలున్న సబ్ సెంటర్ ఒకటి. జనవరిలో ఒకసారి, జూలైలో మళ్ళీ ఒకసారి. రెండోసారికి గూడెం దారిలో వాగు పొంగి ఉంటుందని చిన్నమ్మ అంటోంది, ఆ సబ్ సెంటర్‌కు మాత్రం జూన్ మొదటి వారమే మేలంటోంది.